కాశీ తొమ్మిది నిద్రల్లో ఒక పూట భారత్ కళా భవన్‌కు

మన వరంగల్ వైపు నుంచి కాశీకి వెళ్లేవాళ్లు చాలామంది కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మొఘల్‌సరాయ్‌లో దిగుతారు (ఆ స్టేషన్ పేరు ఇప్పుడు పండిట్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్). తొమ్మిది నిద్రలు చేయాలన్న మొక్కుతో పోయినవాళ్లకు విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, సారనాథ్ అన్నీ చూశాక కూడా నాలుగైదు పూటలు మిగులుతాయి. ఆ పూటలు చీరల దుకాణాల్లో కరిగిపోతాయి. వాటిలో ఒక్క పూట బనారస్ హిందూ యూనివర్సిటీలో ఉన్న భారత్ కళా భవన్ మ్యూజియానికి ఇవ్వండని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను దాన్ని రెండుసార్లు చూశాను. రెండోసారి మా బాపు పట్టుబట్టి తీసుకెళ్లాడు.

మా బాపుకు డెబ్బై ఆరేళ్లు. వరంగల్ కొత్తవాడలో యాభై ఏళ్లు జంపఖానాలు నేశాడు. అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. కాశీకి రావాలన్నది అమ్మ కోరిక. ఆమె ఉండగా కుదరలేదు. సంవత్సరీకం అయ్యాక గంగలో ఆమె పేరు మీద చేయాల్సినవి చేయించి, తొమ్మిది నిద్రలు చేసి రావాలని బాపు అనుకున్నాడు. స్కూల్‌కు సెలవు పెట్టి నేను తోడు వెళ్లాను. నాలుగో రోజుకే బాపుకు ఏమీ తోచకుండా అయింది. గది కిటికీ దగ్గర కూర్చుని ఉత్త చేతులతో దారం సరిచేస్తున్నట్టు వేళ్లు కదిలించడం చూశాను. అప్పుడే మ్యూజియం సంగతి గుర్తొచ్చింది.

మొదటి రోజు తలుపులు మూసి ఉన్నాయి. తప్పు నాదే. ఇది యూనివర్సిటీ మ్యూజియం కాబట్టి యూనివర్సిటీకి సెలవైతే దీనికీ సెలవే. ఆదివారం కూడా ఉండదు. ఎండాకాలంలో వేళలు మారతాయి. బయల్దేరే ముందే ఫోన్ చేసో, ఎవరినైనా అడిగో కనుక్కోండి. ముసలివాళ్లను వెంటబెట్టుకుని పోయి తిరిగి రావడమంటే వాళ్ల మోకాళ్లకు చాలా కష్టం.

ఆ రోజు మాత్రం వృథా కాలేదు. ఘాట్ల వైపు నుంచి ఈ-రిక్షాలో లంక అనే చౌరస్తాకు వస్తే ఎదురుగా యూనివర్సిటీ సింహద్వారం కనిపిస్తుంది. గల్లీలు, ఆవులు, హారన్లు అన్నీ ఆ గేటు బయటే ఆగిపోతాయి. లోపల పెద్ద పెద్ద చెట్లు, వెడల్పు రోడ్లు. మదన్ మోహన్ మాలవీయ 1916లో స్థాపించిన ఈ యూనివర్సిటీ మొత్తాన్ని సగం చంద్రుడి ఆకారంలో గీశారు. రోడ్లు ఒకదాని వెనక ఒకటి అర్ధచంద్రాల్లా వంగి సాగుతాయి. అందుకే కొత్తవాళ్లకు ఎటు తిరిగినా అదే చోటికి వచ్చామేమో అనిపిస్తుంది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడే 1939 నుంచి 1948 దాకా వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ఇక్కడ తెలుగు శాఖ కూడా ఉంది. ఆ సంగతి చెప్తే బాపు, "గింత దూరంల తెలుగు చెప్తరా!" అని చాలాసేపు ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. క్యాంపస్ మధ్యలో ఉన్న తెల్లటి విశ్వనాథ మందిరాన్ని విద్యార్థులు ముద్దుగా వీటీ (విశ్వనాథ్ టెంపుల్) అంటారు. ఊళ్లో గుడిలో ఉండే తోపులాట ఇక్కడ లేదు. ఆ రోజుకు అక్కడ దండం పెట్టుకుని వెనక్కి వచ్చాం.

మర్నాడు లోపలికి వెళ్లాం. ఈ మ్యూజియం ఎట్లా పుట్టిందో ముందే తెలుసుకుని వెళ్తే లోపలి వస్తువులు ఇంకో రకంగా కనిపిస్తాయి. అందుకే బాపుకు రిక్షాలోనే చెప్పాను. రాయ్ కృష్ణదాస్ అని కాశీ మనిషి, హిందీలో కథలు, కవిత్వం రాసినాయన. పాత బొమ్మలు, శిల్పాలు, బట్టలు దేశం దాటి పోతుంటే, పాత సామాను వ్యాపారుల చేతుల్లో చెదిరిపోతుంటే చూడలేక కూడబెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు నిండకముందే, 1920లో, భారతీయ కళా పరిషత్ అని ఒక సంస్థ పెట్టాడు. దానికి అధ్యక్షుడు రవీంద్రనాథ్ ఠాగూర్. ఆ సేకరణకు చాలాకాలం సొంత గూడు లేదు. చోటు మారుతూ మారుతూ కొన్నేళ్లు హిందీ కోసం పనిచేసే నాగరీ ప్రచారిణీ సభ నీడన ఉంది. 1950లో ఆయన ఆ మొత్తాన్ని యూనివర్సిటీకి అప్పగించాడు. అదే ఏడు జవహర్‌లాల్ నెహ్రూ ఇప్పటి భవనానికి పునాదిరాయి వేశారు. భవనం తయారై తలుపులు తెరిచేసరికి 1962 అయింది. ఇవాళ అందులో లక్షకు పైగా వస్తువులు ఉన్నాయి. కంటికి కనిపించేది కొంతే, మిగతాది భద్రంగా లోపల.

"అన్నీ ఇచ్చేసిండా? ఇంట్లకు ఒక్కటన్న ఉంచుకోలేదా?" అని అడిగాడు బాపు. నాకు తెలియదని చెప్పాను. కానీ చదువుకునే పిల్లల చేతికి అందేటట్టు ఇచ్చాడన్నది మాత్రం కళ్లారా చూశాం. మేం వెళ్లినప్పుడు ఒక శిల్పం ముందు ఇద్దరు ఆడపిల్లలు అట్ట ఒళ్లో పెట్టుకుని పెన్సిల్‌తో గీస్తున్నారు. ఒకమ్మాయి మోచేతి వంపు ఒక్కటే పదిసార్లు చెరిపి గీసింది. మ్యూజియం యూనివర్సిటీలో ఉండటం వల్ల లాభం అదే. ఒకసారి చూసి వెళ్లే మనలాంటివాళ్లకు, రోజూ వచ్చి చూసే విద్యార్థికి ఒకే తలుపు.

శిల్పాల్లో రెండింటి దగ్గర తప్పకుండా నిలబడండి. ఒకటి గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడు. గుప్తుల కాలం నాటిది, కాశీలోనే బకరియా కుండ్ దగ్గర దొరికింది. ఎడమ చేత్తో కొండ మోస్తున్నాడు, ముఖంలో మాత్రం ఏ బరువూ లేదు. రెండోది నెమలి మీద కూర్చున్న కార్తికేయుడు, ఇదీ గుప్తుల నాటిదే. నెమలి మనకు ఎదురుగా నిలబడి ఉంటుంది. దాని మెడకు అటొక కాలు, ఇటొక కాలు వేసి స్వామి కూర్చున్నాడు. వెనక విప్పిన పురి ఆయనకు ప్రభామండలం అయింది. వేరే చక్రం చెక్కే పనే లేకుండా పక్షి ఈకలతోనే దేవుడి వెలుగు చూపించిన ఆ శిల్పి తెలివికి దండం పెట్టాలి. దగ్గరికి పోతే మెడలో పులిగోర్ల దండ కనిపిస్తుంది. మన ఊళ్లలో చంటిపిల్లలకు దిష్టి తగలకుండా వేసే పులిగోరే. బాపు దాన్ని చూపించి, "పిల్లగాడే గదా, ఏసిన్రు" అన్నాడు. సేనాపతి అని పుస్తకాల్లో చదివిన దేవుడు ఆ మాటతో ఒక్కసారిగా ఇంటి పిల్లాడైపోయాడు.

రాయి సంగతి కూడా చెప్పాలి. రామప్ప గుడి మదనికలను చూసి పెరిగిన కళ్లు మనవి. 1213లో చెక్కిన ఆ నల్లరాయి ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది, నగల్లో సందులు కూడా లెక్కపెట్టొచ్చు. ఇక్కడిది కాశీకి దగ్గర్లోని చునార్ ఇసుకరాయి. లేత గోధుమ రంగు. అశోకుడి స్తంభాలు, సారనాథ్ సింహాలు చెక్కింది కూడా ఆ రాయితోనే. దీనికి మన రాయి మెరుపు లేదు గానీ మెత్తదనం ఉంది. బుగ్గ, భుజం, పొట్ట గుండ్రంగా, ఎక్కడా పదును లేకుండా జారిపోతాయి. మన శిల్పి నగను చూడమంటాడు, ఈ శిల్పి ఒంటిని చూడమంటాడు. ఏది గొప్ప అని నన్నడిగితే నేను మన రామప్ప వైపే ఉంటాను. కానీ ఆ కార్తికేయుడి ముందు నిలబడ్డంతసేపు ఆ పోలిక నాకు గుర్తురాలేదు.

చిత్రాల హాలుకు ఛవి అని పేరు. ఈ మ్యూజియానికి దేశమంతా పేరొచ్చింది ఇక్కడి చిన్న చిత్రాల వల్లే. మొఘల్, రాజస్థానీ, పహాడీ అన్నీ ఉన్నాయి. వెలుతురు తక్కువగా ఉందని విసుక్కోకండి. కాగితం మీది పాత రంగులు వెలుగు ఎక్కువైతే వెలిసిపోతాయి. కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగితే చాలు. ఇట్లాంటి చిత్రాలను ఎక్కువకాలం బయట ఉంచరు, మార్చి మార్చి పెడతారు కాబట్టి మేం చూసినవే మీకు కనిపించకపోవచ్చు.

మొఘల్ బొమ్మలు, పచ్చటి పహాడీ కొండలు చూస్తూ బాపు మామూలుగానే నడిచాడు. ఆగింది మాత్రం పశ్చిమ భారతంలో పాత పుస్తకాలకు గీసిన అపభ్రంశ శైలి బొమ్మల దగ్గర. ఎర్రటి నేల, ముక్కు మొనదేలి పక్కకు తిరిగిన ముఖం, అవతలి కన్ను ముఖం గీత దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. "ఇది మన పటం లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నాడు. నాకూ అదే తట్టింది. చిన్నప్పుడు కూనపులివాళ్లు మా వాడకు వచ్చి, చేర్యాల నకాషీలు గీసిన పటం విప్పి, మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. తామర తూడు దారంతో దేవతలకు బట్ట నేసిన భావనారుషి కథ మా కులం కథ. ఆ పటం నేల కూడా ఎరుపే. కాకపోతే అది గజాల కొద్దీ పొడవున్న బట్ట, చింతగింజల పిండి, సుద్ద, జిగురు పూసి గట్టిపరిచింది, వాడంతా కూర్చుని చూసేది. ఇది ఒక్క మనిషి ఒళ్లో పెట్టుకుని చూసుకునే కాగితం. అంత పెద్దదానికీ ఇంత చిన్నదానికీ ఒకే ఎరుపు!

లౌర్ చందా అనే కథకు గీసిన పాత కాగితాలు ఈ మ్యూజియం సొత్తే. ముల్లా దావూద్ అనే కవి 1379లో అవధి భాషలో రాసిన ప్రేమకథ అది. రాసింది ఆయనే గానీ కథ అంతకుముందు నుంచే ఆ ప్రాంతపు యాదవుల నోట పాటగా ఉంది. లోరిక్ అనే వీరుడి పాటలు ఇప్పటికీ పాడతారు. మన గొల్లకురుమలకు కాటమరాజు కథ ఎట్లాగో వాళ్లకు లోరిక్ కథ అట్లా. ఇది చెప్పగానే బాపు మళ్లీ వెనక్కి వెళ్లి, ఈసారి కథ తెలిసినవాడిలా చూశాడు. వివరాలు హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. చదవలేని పెద్దవాళ్లను తీసుకెళ్తే పక్కన ఒకరు ఉండి ఓపిగ్గా చెప్పాలి. నేను చెప్పిన ప్రతిదానికీ బాపు దగ్గర మారు కథ ఒకటి ఉంది, అందుకే అక్కడ మాకు గంట దాటింది.

ఇక బట్టలు. అసలు నేను బాపును తీసుకెళ్లింది వీటి కోసమే.

కాశీ అంటే మనకు బనారస్ పట్టు. ఆ పట్టులో రారాజు కింకాబు. వెండిని సన్నని తీగగా లాగి, సాగగొట్టి, బంగారు నీరు పెట్టి, పట్టుదారం చుట్టూ చుడితే అసలు జరీ. ఆ జరీతో బట్ట కనిపించకుండా పువ్వులు నిండేదే కింకాబు. బాపు అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. పువ్వును చూడలేదు, పువ్వు అంచు చూశాడు. "ఒక్కొక్క పువ్వు దగ్గర్నే దారం తిప్పి అక్కడ్నే ముగించిండు. వెనక దారాలు వేలాడయి" అన్నాడు. కాశీ నేతగాళ్లు దాన్ని కఢువా అంటారు. ఒక్కో పువ్వుకు చిన్న కండె పెట్టి చేత్తో అల్లే పని. దారాన్ని అంచు నుంచి అంచుకు విసిరి, తర్వాత వెనక మిగిలినదాన్ని కత్తిరించే పద్ధతి ఇంకొకటి ఉంది, దానికి టైమ్ తక్కువ పడుతుంది. ఏ పద్ధతో తేల్చుకోవాలంటే బట్ట తిరగేయాలి. ఇక్కడ తిరగేసే వీలు లేదు. అయినా ముందు వైపు నుంచే బాపు చెప్పగలిగాడు.

జంపఖానాకు ముందూ వెనకా ఉండదు. రంగు మారే చోట అడ్డంగా నేసే రెండు రంగుల పేక దారాలను ఒకదానిలో ఒకటి మెలేసి, దువ్వెన లాంటి ఇనుప పంజాతో దగ్గరికి కొడతారు. ఎటు తిప్పి పరిచినా అదే బొమ్మ. కింద పరిచేది, పది మంది కూర్చునేది కాబట్టి అట్లాగే ఉండాలి. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే మా జంపఖానాలకు, జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు మా వాడలో స్వీట్లు పంచారు. బాపు అప్పటికే మగ్గం దిగాడు. కింకాబు ముందు నిలబడి ఆయన, "వీళ్లది ఒంటి మీద ఉండేది, మనది కిందుండేది. చెయ్యి మాత్రం ఒక్కటే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు గొంతులో ఏ తక్కువతనమూ లేదు.

బొమ్మ ప్రకారం చిల్లులు కొట్టి మగ్గానికి తగిలించే జకార్డ్ అట్టలు రాకముందు ఇంత బొమ్మ మగ్గం మీదికి ఎట్లా ఎక్కించారని అడిగాను. ఆయనకు తెలిసింది ఆయన, నేను చదివింది నేను కలుపుకుంటే ఇట్లా తేలింది: కాశీలో నక్షాబంద్ అని వేరే పనివాడు ఉండేవాడు. కాగితం మీది బొమ్మను అతను దారాలతో కట్టి చిన్న నమూనా చేస్తాడు. అదే నక్షా. దాన్ని మగ్గానికి తగిలిస్తే, పైన కూర్చున్న పిల్లాడు ఏ దారాల గుత్తి లాగాలో ఆ గుత్తి లాగుతాడు, కింద నేతగాడు పేక విసురుతాడు. బొమ్మను దారంలో రాసి పెట్టుకోవడమన్నమాట. మన చేర్యాల నకాషీ, ఆ నక్షాబంద్, రెండూ ఒకే మాటలోంచి పుట్టిన పేర్లు. ఒకరు రంగుతో, ఒకరు దారంతో.

అప్పుడు బాపు ఒక చోట వేలు చూపించాడు. పువ్వుల మధ్య నుంచి ఒక నిలువు గీత పోతోంది. ఆ గీత పొడుగునా జరీ విరిగి, లోపలి పసుపు పట్టుదారం బయటపడింది. దూరం నుంచి చూస్తే ఏదో నీడ అనుకుంటాం. "చిరిగింది కాదు. ఏండ్ల సంది ఒక్క తీరుగనే మడిచి పెట్టిన్రు. మడత పడ్డకాడ తీగ ఇరిగింది" అన్నాడు. అందుకే మ్యూజియాల్లో పాత బట్టల్ని మడతపెట్టకుండా గొట్టాలకు చుట్టి పెడతారని చెప్పాను. తల ఊపాడు గానీ ఏమీ అనలేదు. ఆ గీత దగ్గరే ఇంకాసేపు నిలబడ్డాడు.

మిగతా హాళ్లు త్వరగా చూశాం. రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ గీసిన హిమాలయాలకు ఒక గది ఉంది. ఆ నీలాలు చూస్తే ఎండలో తిరిగి వచ్చిన కళ్లకు చల్లగా ఉంటుంది. ఆలిస్ బోనర్ గది నాకు బాగా నచ్చింది. ఇటలీలో 1889లో పుట్టిన స్విట్జర్లాండ్ శిల్పి, చిత్రకారిణి. 1936 నుంచి నలభై ఏళ్లకు పైగా అస్సీ ఘాట్ మీది ఇంట్లోనే బతికింది. ఎల్లోరా, మహాబలిపురం శిల్పాల మీద వృత్తాలు, గీతలు గీసి, ప్రతి చెయ్యీ ప్రతి కాలూ ఏ లెక్క ప్రకారం ఉన్నాయో పట్టి చూపించింది. బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఆ గీతల విలువ నాకు తెలుసు. వచ్చే ఏడాది నా తొమ్మిదో తరగతి పిల్లలకు వృత్తం పాఠం కార్తికేయుడి నెమలి పురితోనే మొదలుపెట్టాలని అక్కడే అనుకున్నాను. ఆమె గీసిన ప్రకృతి, విశ్వరూపం, కాళి అనే మూడు పెద్ద చిత్రాల దగ్గర కూర్చునే చోటు దొరికితే కూర్చోండి. నిలబడి చూసేవి కావు అవి.

మూడు గంటలు పెట్టుకోండి. పొద్దున పూట, తిన్న తర్వాతే వెళ్లండి. సంచులు, ఫోన్‌తో ఫొటోల సంగతి కౌంటర్ దగ్గరే అడిగి తెలుసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు శిల్పాలు, తర్వాత బట్టలు చూసి, ఓపిక ఉంటే చిత్రాలకు వెళ్లడం మేలు. పిల్లలుంటే కార్తికేయుడి దగ్గర మొదలుపెట్టండి. బనారస్ చీర కొనే పని ఉంటే దుకాణానికి ఇక్కడి నుంచే వెళ్లండి, ముందు కాదు. మేమట్లా వెళ్తే, ఒక దుకాణంలో చేనేత అని చూపించిన చీరను బాపు తిరగేసి వెనక దారాలు చూసి, నవ్వి, మడిచి ఇచ్చేశాడు. ఆ దుకాణదారుడు ఇంకేమీ మాట్లాడకుండా లోపలి నుంచి వేరే చీర తెచ్చాడు. అది మగ్గం మీదిదే. మా వదినకు తీసుకున్నాం.

ఏడో రోజు పొద్దున బాపు చొక్కా వేసుకుని తయారుగా కూర్చున్నాడు. "మళ్ల పోదామా?" అన్నాడు. గుడికి అనుకున్నాను. ఈసారి జేబులో భూతద్దం ఉంది, ఎక్కడ కొన్నాడో తెలియదు. తిన్నగా బట్టల దగ్గరికే నడిచాడు. నేను చిత్రాలు చూసి వచ్చేసరికి, కాపలా ఉన్న పెద్దాయనతో సైగలతో మాట్లాడుతున్నాడు. బాపుకు హిందీ హైదరాబాద్ తీరుది, ఆయనది భోజ్‌పురి యాస. ఇద్దరి చేతులూ గాలిలో పడుగూ పేకా ఆడుతున్నాయి. ఆ పెద్దాయన మేనమామలు కాశీలోనే మదన్‌పురాలో నేతగాళ్లట.

కాశీలో వదిలేయాల్సిన పండుగా బాపు జామ వదిలాడు. కాజీపేటలో రైలు దిగి ఇంటికి వచ్చిన మర్నాడు, నేను స్కూల్‌కు తయారవుతుంటే లోపలి గదిలో ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడైంది. అమ్మ పెళ్లి పట్టుచీర మంచం మీద పరిచి ఉంది. పాత మడతలు అరచేత్తో సాపు చేసి, వాటికి అడ్డంగా కొత్త మడతలు పెడుతున్నాడు. మధ్యలో ఒక పాత నూలు పంచె పెట్టి, చీరను దాని మీదుగా తిప్పి, "ఆరు నెల్లకోసారి మార్చాలె, యాదికి చెయ్యి" అన్నాడు.